తెరచాప కింద రాసిన పుస్తకాలు

మా తరం సరుకు ఓడల్లో పుస్తకాల బీరువా ఒకటి ఉండేది. స్మోక్‌రూములో, ఓ మూల. తాళంచెవి థర్డ్‌మేట్ దగ్గర. పెద్ద రేవు ఏది తగిలినా అక్కడి నావికుల క్లబ్బు వాళ్లు మా పాత పుస్తకాలు తీసుకుని, ఇంకో ఓడ వదిలేసి వెళ్లిన పాత పుస్తకాలు ఇచ్చేవాళ్లు. అలా చేతులు మారీ మారీ మా దాకా వచ్చేసరికి అట్టలు ఊడిపోయి, టీకప్పు మరకలు పడి, అంచుల్లో ఏవేవో భాషల్లో పెన్సిలు రాతలతో ఉండేవి. డిటెక్టివ్ నవలలకైతే హంతకుడెవరో తేలే ఆఖరి పేజీ సాధారణంగా ఉండేది కాదు. పేకాట లెక్కలకి ఎవడో చింపేసుకుని ఉంటాడు.

ఆ బీరువాలో, డెబ్భయ్యో దశకం చివర్లో, ఎరిక్ హిస్కాక్ అనే ఇంగ్లీషాయన పుస్తకం ఒకటి దొరికింది. ‘అరౌండ్ ద వరల్డ్ ఇన్ వాండరర్ త్రీ’. 1956లో వచ్చింది. నేనప్పుడు సెకండ్‌మేట్‌ని. మా ఓడ పొడవు ఐదొందల అడుగులు. ఆ పుస్తకంలో పడవ పొడవు ముప్ఫై అడుగులు, అంటే కాకినాడలో మా పాత ఇంటి వసారా అంత. అందులో మొగుడూ పెళ్లాలిద్దరే, 1952లో ఇంగ్లండు దక్షిణ తీరాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవి నుంచి బయల్దేరి, పనామా కాలవ దాటి, పసిఫిక్ దీవులన్నీ చూసుకుంటూ, న్యూజీలాండు, టోరెస్ జలసంధి, మారిషస్, గుడ్‌హోప్ అగ్రం మీదుగా 1955లో ఇంటికి చేరారు. మొదట నేను నమ్మలేదు. ఇరవైమందికి పైగా ఉండి, కిందంతా ఇంజను హోరెత్తుతుంటేనే హిందూ మహాసముద్రంలో జూన్ నెల అంటే మాకు కడుపులో తిప్పేది.

ఆయన రాతలో ఆర్భాటం లేదు. తుఫాను పట్టుకుందంటే గాలి ఎటునుంచి, ఎంతసేపు, ఏ చాప దించారు, ఏది చిరిగింది, అంతే. సముద్రం గురించి పెద్దపెద్ద విశేషణాలు వాడేవాళ్లని సముద్రం మీద బతికేవాళ్లు అంతగా నమ్మరు. ఈయన లంగరు గొలుసు మందం చెప్తాడు, దీవి పక్కన నీళ్లెంత లోతో చెప్తాడు, మంచినీళ్లు ఎక్కడ పట్టుకోవచ్చో చెప్తాడు. చదువుతూ ఉంటే ఎక్కడో ఓ చోట, మనం గమనించకుండానే, ఆ పడవలో కూర్చుని ఉంటాం.

పడవ సంగతి కొంచెం చెప్పాలి. వాండరర్ త్రీని గీసింది లారెంట్ గైల్స్. కట్టింది బర్న్‌హామ్-ఆన్-క్రౌచ్ అనే ఊళ్లో విలియం కింగ్ కార్ఖానా వాళ్లు, 1952లో. కర్ర పడవ, ఒకటే తెరచాప కొయ్య. చిన్న పెట్రోలు ఇంజను ఉన్నా అది రేవులో అటూ ఇటూ జరగడానికే. వంట కిరసనాయిలు పంపుస్టవ్వు మీద. అంతకుముందు వాళ్లకి ఇరవైనాలుగు అడుగుల వాండరర్ టూ ఉండేది. దానిలో 1950లో అజోర్స్ దీవుల దాకా వెళ్లొచ్చి, ఇంకో ఆరడుగులు ఉంటే చాలు, లోకం చుట్టెయ్యచ్చు అనుకున్నారు. ఈ రోజుల్లో అయితే ఆ కొలత పడవని చూసి, రేవు దాటనివ్వకుండా ఎవరో ఒకరు బుద్ధి చెప్తారు.

గాలి వెనకనుంచి వీచే చోట, అంటే వాణిజ్య పవనాల్లో, కొయ్యకి ముందువైపు రెండు చాపల్ని చెరో పక్కా వెదురు బొంగుల్లాంటి వాసాలతో విప్పి, వాటి తాళ్లని వెనక్కి తెచ్చి చుక్కాని కర్రకి కట్టేవాళ్లు. పడవ పక్కకి తిరగబోతే ఒక చాప మీద గాలి ఎక్కువై తాడు బిగిసి, చుక్కానిని తనే సరిచేస్తుంది. ఇప్పటి వాళ్ల ఆటోపైలట్ పని రెండు తాళ్లతో జరిగిపోయేది. గాలి పక్కకి తిరిగిందా, ఇక ఎవరో ఒకరు చుక్కాని పట్టుకుని కూర్చోవలసిందే, ఎండైనా వానైనా.

ఎరిక్‌కి చూపు బాగా తక్కువ. ఫొటోల్లో సోడాబుడ్డి కళ్లద్దాలతో కనపడతాడు. సముద్రం మీద అది చిన్న లోపం కాదు. చీకట్లో ఆకాశం అంచున ముందుగా మినుక్కుమనే లైట్‌హౌస్ వెలుగు, అలల మధ్య దాక్కున్న దిబ్బ మీద తెల్లటి నురగ, ఇలాంటివాటికి భార్య సుసాన్ కళ్లే దిక్కు. వాళ్లకి పెళ్లయింది 1941లో. ఆవిడ చుక్కాని పట్టిందంటే ఎరిక్ నిశ్చింతగా పడుకునేవాడని ఆ పుస్తకాలు చదివినవాడెవడికైనా తెలుస్తుంది. ఇందులో ఓ తమాషా ఉంది. ఇలాంటి దంపతుల్ని చూసి జనం, ఎంత అదృష్టవంతులు, ఏళ్ల తరబడి ఇరవైనాలుగ్గంటలూ కలిసి ఉన్నారు కదా అంటారు. నిజానికి ఇద్దరే ఉన్న పడవలో, ఒకరు మేలుకుంటే ఇంకొకరు నిద్రపోవాలి. రోజులో సగం ఒకరికొకరు దుప్పటి కింద ఓ ఆకారం, అంతే. అవతలివాళ్ల కాపలాలో ఏం జరిగిందో తెలిసేది లాగ్‌బుక్కులో రాసిన రెండు ముక్కల వల్లా, దిగేముందు వేడివేడి టీ తాగుతూ చెప్పిన నాలుగు మాటల వల్లా.

ఇది నాకు పుస్తకం చదివితే తట్టలేదు. మా ఆవిడ చెప్పింది.

అప్పట్లో ఆఫీసర్లు కంపెనీ అనుమతితో భార్యని ఒక ప్రయాణానికి తీసుకెళ్లచ్చు. పెళ్లయిన కొత్తలో ఆవిడ బొంబాయిలో ఓడెక్కింది. సెకండ్‌మేట్‌కి వాచ్, అంటే కాపలా, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా, మళ్లీ పగలు పన్నెండు నుంచి నాలుగు దాకా. పాపం ఆ పిల్ల సముద్రం చూద్దామని వచ్చి నన్ను చూడ్డానికే వేళలు లెక్క కట్టుకోవలసి వచ్చింది. పొద్దున్నే మొదటి మాట, "రాత్రి ఏం కనిపించిందండీ?" అనే. ఎదురుగా వెళ్లిన ఓడ దీపాలు, డెక్కు మీద వచ్చి పడ్డ ఎగిరే చేపలు, ఓడ కోసుకుంటూ పోతుంటే నీళ్లల్లో పచ్చగా వెలిగే వెలుగు, ఏది ఉంటే అది చెప్పేవాణ్ణి. మరుసటి వారానికి గమనించాను, వాచ్‌లో ఉన్నప్పుడే పొద్దున్న ఆవిడకి చెప్పడానికి మాటలు ఏరుకుంటున్నాను. ఊరికే చూడటం పోయి, చెప్పడానికి చూడటం మొదలైంది.

హిస్కాక్ పుస్తకం ఆవిడ చేతికిచ్చాను, పొద్దుపోతుందని. ఇంగ్లీషు ఎమ్మే. రెండు రోజుల్లో పూర్తిచేసి అట్టని వేలితో కొట్టింది.

"ఇది ఈయనొక్కడే రాశాడంటే నేను నమ్మనండీ."

"అట్ట మీద ఆయన పేరే ఉంది కదా."

"అట్ట సంగతి వదిలెయ్యండి. ఆయన నిద్రపోతున్నప్పుడు జరిగినవి కూడా ఇందులో ఉన్నాయిగా. అవి ఆయనకి ఎవరు చెప్పారంటారు?"

నేను ఏదో అనబోయాను గానీ నిలబడే జవాబు దొరకలేదు. అప్పటినుంచి ఇలాంటి దంపతుల పుస్తకం ఏది దొరికినా, ఫలానా సంగతి ఎవరి కాపలాలో జరిగింది అని చూడటం మా ఇద్దరికీ అలవాటైపోయింది.

రాతే హిస్కాక్‌లకి కూడు. ఎరిక్ ఆ ప్రయాణానికి ముందే, 1950లో, ‘క్రూజింగ్ అండర్ సెయిల్’ అనే పెద్ద పుస్తకం రాశాడు. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వాళ్లది. 1959లో ‘వాయేజింగ్ అండర్ సెయిల్’. పడవ పట్టుకుని దూరాలు పోవాలనుకున్న ఓ తరం మొత్తానికి ఈ రెండే బాలశిక్షలు. ఇవి కాక పడవల పత్రికలకి వ్యాసాలు, ఫొటోలు. అవి ఎలా తయారయ్యేవో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఫిల్ము రీళ్లు ఉక్కకి, తేమకి పాడైపోతాయి. కడగడానికి చీకటి గది కావాలి, అంతకన్నా ముఖ్యం మంచినీళ్లు కావాలి. తాగే నీళ్లకే గ్లాసులతో లెక్కగా ఉండే పడవలో ఫిల్ము కడుక్కోవడానికి నీళ్లు ఎవరిస్తారు? రేవు చేరేదాకా ఆగాలి. టైపు కొట్టాలన్నా అంతే. పడవ ఎడమకి ఒరిగినప్పుడల్లా టైప్‌రైటర్ క్యారేజీ మనం కొట్టకుండానే జారిపోతుంది. ఎవరో ఎరువిచ్చిన వరండాలోనో, లంగరేసి ఉన్న పడవలోనో కూర్చుని, రెండు నెలల కింద జరిగినదాన్ని ఇద్దరూ కలిసి గుర్తు చేసుకుని రాయాలి. కట్ట కట్టి, పోస్టాఫీసులో తూకం వేయించి, లండనుకి పంపాలి. అది చేరిందో లేదో ఇంకో దీవిలో, ఇంకో పోస్టాఫీసులో, తమ పేరు మీద వచ్చి పడున్న ఉత్తరాలు విప్పితే తెలుస్తుంది.

ఆ ఎదురుచూపు ఎలాంటిదో మాకూ తెలుసు. మా ఉత్తరాలు రేవులో ఏజెంటు ఆఫీసుకి వచ్చేవి. ఓడ గట్టుకి తాడు విసిరాక మొదట ఎక్కేది కస్టమ్సు వాళ్లయినా, అందరి కళ్లూ వెనకాల బ్రీఫ్‌కేసుతో వచ్చే ఏజెంటు గుమాస్తా మీదే. మా ఆవిడ ఇంటినుంచి రాసే నీలం రంగు ఏరోగ్రాముల మీద మూల చిన్న అంకె వేసేది, ఎందుకంటే ఏడో ఉత్తరం ముందొచ్చి ఐదోది తర్వాత వచ్చేది. ఏడులో, "ఆ గొడవ సర్దుకుంది లెండి" అని ఉంటుంది. ఏ గొడవో తెలియాలంటే ఐదు రావాలి. ఐదు పెర్షియన్ గల్ఫులో ఏ రేవులో చిక్కుకుందో! అయినా అలా రాసిన ఉత్తరాల్లో ఓ తీరిక ఉండేది. అప్పటికప్పుడు జవాబు రాదని తెలిసిన మనిషి, అడగాల్సినవి తగ్గించి చెప్పాల్సినవి పెంచుతాడు.

నడిసముద్రంలో మనం ఎక్కడున్నామో తెలుసుకోవడం కూడా ఆ చిన్న పడవల్లో ఇద్దరి పనే. మా ఓడ బ్రిడ్జి నీళ్లమట్టానికి ఎంతో ఎత్తున ఉండేది. మధ్యాహ్నం ఆఫీసర్లం వరసగా నిలబడి, సూర్యుడి ఎత్తు కొలిచే సెక్‌స్టెంట్లు పట్టుకుని, సూర్యుడు ఇంకా ఎక్కుతున్నాడా, ఆగాడా, దిగడం మొదలెట్టాడా అని చూసేవాళ్లం. అందులో పెద్ద కష్టం ఏమీ లేదు, కెప్టెన్ లెక్కకీ మన లెక్కకీ తేడా వస్తే పడాల్సిన మాటలు తప్ప. ముప్ఫై అడుగుల పడవలో కన్ను నీళ్లకి బారెడు ఎత్తులో ఉంటుంది. ఆకాశం అంచు అనుకున్నది కాస్తా పక్క అల వీపు కావచ్చు. ఒక చెయ్యి సెక్‌స్టెంటుకి, ఒక మోచెయ్యి తాళ్లలో మెలేసి, పడవ అల మీదికి లేచిన క్షణంలో సూర్యుణ్ణి తెచ్చి అంచుకి తాకించి "ఇప్పుడు!" అని అరవాలి. లోపల క్రోనోమీటరు ముందు కూర్చున్న రెండో మనిషి సెకన్లతో సహా రాసుకోవాలి. నాలుగు సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర ఒక నాటికల్ మైలు తప్పుతాం. పగడపు దిబ్బలున్న చోట ఒక మైలు అంటే పడవ ఉండటానికీ లేకపోవడానికీ తేడా. రేడియోలో బీబీసీ వాళ్ల టైము పిప్పులు విని గడియారం తప్పు ఎంతో రోజూ చూసుకుని పుస్తకంలో రాసుకోవడం, ఆ తప్పు రోజుకి ఎంత పెరుగుతోందో గమనించడం, ఇవన్నీ పూజ చేసినంత నిష్ఠగా జరిగేవి.

చుక్కాని దగ్గర ఆడమనిషి అంటే నాకు కాకినాడ కాలవ గుర్తొస్తుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలవలో మా చిన్నప్పుడు రహదారి పడవలు నడిచేవి. బియ్యం, ఉప్పు, పెంకులు, కొబ్బరికాయలు. గాలి కలిసొస్తే పాత చీరలా అతుకులు పడ్డ పెద్ద చాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే మొగుడు తాడు భుజానేసుకుని గట్టు మీద వంగి నడిచేవాడు. చుక్కాని పెళ్లాం పట్టేది, చంకలో బిడ్డతో. వెనకభాగంలో మట్టి పొయ్యి, దాని మీద కుండ. ఆ కుటుంబాలు ఏళ్లకేళ్లు నీళ్ల మీదే బతికాయి. లాకు దగ్గర పడవలు వరసగా ఆగితే, ఆడవాళ్లు ఒక పడవ నుంచి ఇంకో పడవకి కేకలేసుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. నిడదవోలు వైపు ఎక్కడ గట్టు తెగిందో, ఎవరి కూతురికి సంబంధం కుదిరిందో, ఏ లాకు దగ్గర గుమాస్తా చెయ్యి చాస్తాడో. రోడ్లు పడ్డాయి, లారీలొచ్చాయి, కాలవలు పూడాయి. వాళ్లలో ఎవరూ ఏమీ రాయలేదు. వాళ్లని అడిగి రాసుకున్నవాళ్లు కూడా నాకు తెలిసి తక్కువే. తాళ్లరేవు దగ్గర కాగితం మీద గీత గీయకుండా కంటిచూపుతోనే కర్ర ఓడలు కట్టిన వడ్రంగుల గురించి అయినా ఒకటీ అరా వ్యాసాలు కనిపిస్తాయి. కాలవ మీద కాపరం చేసిన ఆడదాని గురించి చదివింది లేదు. ఇంగ్లీషువాళ్ల సముద్ర ప్రయాణాల పుస్తకాలు బీరువాలు నింపుతుంటే నాకు అప్పుడప్పుడు కడుపుమండేది అందుకే.

అయితే ఆ పుస్తకాలు రాసినవాళ్లలోనూ అందరి తీరూ ఒకటి కాదు. స్మీటన్ దంపతులది వేరే దారి. మైల్స్ స్మీటన్ బ్రిటిష్ కాలపు భారత సైన్యంలో అధికారి. బర్మా యుద్ధంలో ప్రోబిన్స్ హార్స్ దళాన్ని నడిపించాడు. భార్య బెరిల్ అంతకన్నా గట్టి మనిషి, ఒంటరిగా ఖండాలు తిరిగింది. 1939లో హిందూకుష్ పర్వతాల్లో తిరిచ్ మీర్ ఎక్కడానికి వీళ్లు వెళ్లినప్పుడు వెంట ఉన్న షెర్పా కుర్రవాడు టెన్సింగ్ నార్గే. యుద్ధం అయ్యాక హాంకాంగులో కట్టిన నలభయ్యారు అడుగుల త్సు హాంగ్ అనే పడవ కొన్నారు, పెద్దగా ఏమీ నేర్చుకోకుండానే. 1957 ఫిబ్రవరిలో దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ వైపు పోతుంటే దక్షిణ పసిఫిక్‌లో ఓ అల ఆ పడవ వెనకనుంచి వచ్చి, ముక్కు మీద నిలబెట్టి తల్లకిందులు చేసింది. చుక్కాని దగ్గర ఉన్నది బెరిల్. మైల్స్, వాళ్ల స్నేహితుడు జాన్ గుజ్వెల్ లోపల ఉన్నారు, సయామీ పిల్లితో సహా. బెరిల్ నడుముకున్న తాడు తెగి ఆవిడ సముద్రంలో పడింది. దెబ్బలు తగిలిన ఒంటితోనే ఈదుకుంటూ పడవ దగ్గరికి వచ్చింది. కొయ్యలు రెండూ పోయాయి. గుజ్వెల్ మంచి వడ్రంగి కాబట్టి లోపలి చెక్కలతోనే కన్నాలు మూసి, కొత్త కొయ్య నిలబెట్టి చిలీ తీరం చేర్చాడు. బాగుచేసుకుని ఆ డిసెంబరులో ఇద్దరే మళ్లీ బయల్దేరారు. మళ్లీ తిరగబడ్డారు.

దీని మీద మైల్స్ రాసిన పుస్తకం పేరు ‘వన్స్ ఈజ్ ఎనఫ్’, 1959. నెవిల్ షూట్ ముందుమాట. ఒక్కసారి చాలు అని పేరు పెట్టినవాడు రెండుసార్లు తిరగబడి, 1968లో మూడోసారి వెళ్లి కేప్ హార్న్ దాటే వదిలాడు. మా ఆవిడ ప్రశ్న ఇక్కడ నూటికి నూరుపాళ్లూ వర్తిస్తుంది. ఆ అల రావడం చూసింది బెరిల్ ఒక్కతే. సముద్ర సాహిత్యంలో ఇంత పేరు పొందిన ఓ ఘట్టం, అది చూడని మనిషి రాశాడు, చూసిన మనిషి చెప్పగా. బెరిల్‌కి రాయడం రాక కాదు. తన పాత ప్రయాణాల గురించి ‘వింటర్ షూస్ ఇన్ స్ప్రింగ్‌టైమ్’ అనే పుస్తకం సొంతంగా రాసింది, 1961లో. సముద్రం మైల్స్‌కి వదిలేసి నేల తను తీసుకున్నట్టుంది. ఇంట్లో పొలం, పెరడు పంచుకున్నట్టు.

లిన్, లారీ పార్డీల దగ్గరికి వచ్చేసరికి అట్ట మీద రెండు పేర్లు పడ్డాయి. లారీ కెనడావాడు, లిన్ అమెరికన్. 1965లో కాలిఫోర్నియాలో కలుసుకుని, తమ చేతులతోనే ఇరవైనాలుగు అడుగుల సెరాఫిన్ కట్టుకుని 1968లో నీళ్లల్లోకి దించారు. ఇంజను లేదు. రేవులో గాలి పడిపోతే వెనకనుంచి పొడుగాటి తెడ్డు అటూ ఇటూ ఆడిస్తూ నెట్టుకెళ్లేవాళ్లు. మరుగుదొడ్డి అంటే ఓ బకెట్టు. పదకొండేళ్లు లోకం చుట్టారు. డబ్బులైపోతే లారీ పడవలు బాగుచేసేవాడు, ఇంకొకరి పడవల్ని రేవు నుంచి రేవుకి చేర్చేవాడు. లిన్ రాసేది. మొదటి పుస్తకం ‘క్రూజింగ్ ఇన్ సెరాఫిన్’ 1976లో వచ్చింది. తర్వాత ఇంకాస్త పెద్ద పడవ, తలేసిన్, 1983లో. అదీ సొంతంగా కట్టిందే, అదీ ఇంజను లేనిదే. ఆ పడవలోనే 2002లో, ఎదురుగాలుల వైపు, అంటే తూర్పునుంచి పడమరకి, కేప్ హార్న్ దాటారు. చిన్న పడవ కొను, తక్కువ సామాను వేసుకో, ఇప్పుడే బయల్దేరు అనేది వాళ్ల మంత్రం. విని ఉద్యోగాలు మానేసిన వాళ్లు చాలామందే. మా ఆవిడకి లిన్ రాత నచ్చింది. మొగుడితో పడ్డ వాదనలు దాచుకోకుండా రాస్తుందట. నాకు మాత్రం హిస్కాక్ ముభావమే బాగుంటుంది. ఇంట్లో ఈ విషయం ఇంకా తేలలేదు.

హిస్కాక్‌లకి పెద్ద పడవ కలిసిరాలేదు. వాండరర్ త్రీలో రెండోసారి కూడా భూమి చుట్టొచ్చారు, 1959 నుంచి 1962 దాకా. అది టెలివిజన్‌లోనూ వచ్చింది. 1968లో వయసు మీద పడుతోంది కదా, ఇల్లులా ఉండే పెద్ద పడవైతే సుఖం అనుకుని హాలండులో నలభైతొమ్మిది అడుగుల ఇనుప పడవ కట్టించుకున్నారు, వాండరర్ ఫోర్. నేల మీద ఇల్లు వదిలేసి అందులో కాపరం పెట్టారు. ఆ పడవతో ఎరిక్‌కి మనసు కలవలేదు. చాపలు బరువు, లంగరు బరువు, ఇద్దరు ముసలివాళ్లకి పని ఎక్కువ. చివరికి న్యూజీలాండులో మళ్లీ చిన్నది, కర్రది, కట్టించుకున్నారు. 1984లో వచ్చిన పుస్తకం ‘టూ యాట్స్, టూ వాయేజెస్’. 1986లో ఎరిక్ పోయాడు. సుసాన్ 1995లో.

సరిగ్గా ఆ ఏడే జీపీఎస్ పూర్తిగా పనిలోకి దిగిందని ప్రకటించారు. మా ఓడల్లో సెక్‌స్టెంట్లు పెట్టెల్లోకి వెళ్లాయి. పరీక్షకి వచ్చే ఇన్‌స్పెక్టర్ అడిగితే చూపించడానికి తీసేవాళ్లం. 1999 ఫిబ్రవరి నుంచి ఓడల్లో రేడియో ఆఫీసరు ఉండాల్సిన అవసరమూ తీరిపోయింది. మోర్స్ కొట్టే ఆ మనుషులు ఓడలో కొంచెం కవులు, కొంచెం వదంతుల కేంద్రం. వాళ్లు దిగిపోయాక ఓడ నిశ్శబ్దంగా ఏమీ అవలేదు గానీ కబుర్లలో రుచి పోయింది. తర్వాత ఉపగ్రహం ఫోను, ఈమెయిలు. ఏరోగ్రాముల మీద అంకెలు వేసే పని మా ఆవిడకి తప్పింది. ఆవిడేం బాధపడలేదు. "పిల్లాడికి జ్వరమొస్తే మీకు తెలియడానికి నెల్రోజులు పట్టడంలో గొప్పేముందండీ?" అంది. నిజమే, ఏమీ లేదు.

ఇప్పుడూ దంపతులు పడవల్లో తిరుగుతూనే ఉన్నారు. వారం వారం వీడియో పెడతారు, దాని మీదే బతుకుతారు. వాళ్ల కష్టం వాళ్లది, తిడితే పాపం. కాని చూస్తుంటే ఒకటి అనిపిస్తుంది. రాత్రి కాపలాలో ఒకరు చూసింది, కెమెరాకి ముందు చెప్పేస్తున్నారు. పక్క బంకులో నిద్రపోతున్న మనిషి అది లోకంతో పాటే వింటారేమో. హిస్కాక్‌ల కాలంలో ఒకరి మాట ప్రెస్సుకి వెళ్లేలోగా నెలలపాటు ఇంకొకరి దగ్గర నానేది. అది అలా కాదు, గాలి వాయవ్యం నుంచి కాదు పడమట నుంచి అని సరిదిద్దే మనిషి అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండేవాళ్లు. ఆ పుస్తకాల్లో కోతలు తక్కువగా ఉండటానికి కారణం ఎరిక్ నిజాయితీ ఒక్కటే కాదనుకుంటాను. అబద్ధం రాస్తే ముందు చదివేది సుసానే కదా.

వాండరర్ త్రీ మాత్రం పోలేదు. ఎనభయ్యో దశకం మొదట్లో థీస్ మాట్జెన్ అనే జర్మన్ కుర్రవాడు దాన్ని కొన్నాడు. తర్వాత కికీ ఎరిక్సన్ తోడొచ్చింది. ఇద్దరూ ఆ పడవనే ఇల్లు చేసుకుని, అంటార్కిటికా దారిలో ఉన్న సౌత్ జార్జియా దీవి దగ్గర మంచులో రెండేళ్లకి పైగా గడిపారు. అమెరికాలో క్రూజింగ్ క్లబ్ వాళ్లు దూరప్రయాణాలకి ఇచ్చే బ్లూ వాటర్ మెడల్ 1955లో హిస్కాక్‌లకి వచ్చింది. 2011లో అదే మెడల్ వీళ్లకి వచ్చింది, అదే పడవకి. సౌత్ జార్జియా గురించి జర్మన్ భాషలో వాళ్ల పుస్తకం ఒకటుంది, ఇద్దరి పేర్ల మీదా. ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ తెప్పించమంది. మనకి జర్మన్ రాదు కదా అంటే, ఫొటోలుంటాయిగా, అవి ఎవరి కాపలాలో తీశారో చూస్తే తెలిసిపోతుంది లెండి అంటోంది.